మీసం కథ రాస్తున్న తమ్ముడికి

బెంగళూరు

తమ్ముడూ,

నీ రాజుగారి మీసం కథ చదివాను. ఎవరైనా చదివి వినిపిస్తే పిల్లలు పడీపడీ నవ్వుతారు, అనుమానం లేదు. కానీ నువ్వు రాస్తున్నది గుణింతాలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్న పిల్లలు సొంతంగా చదువుకోవడానికి. అక్కడ లెక్క వేరు. మాట పూర్తయ్యేసరికి బిడ్డ వాక్యం మొదలు మరిచిపోతే నవ్వెక్కడ వస్తుంది? పక్కన కూర్చున్న అమ్మానాన్నలు గమనించేది ఒక్కటే: వాడు చదివి నవ్వాడా, మనం నవ్వితే నవ్వాడా అని.

నీ మొదటి వాక్యమే చూడు. "పూర్వం ఒకానొక రాజ్యాన్ని పరిపాలించే మహారాజుగారికి మీసాలు విపరీతంగా పెరిగిపోసాగాయి." ఇది చందమామ ధోరణి. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక మనకు కథ నడిపించే తీరు నేర్పింది. కానీ ఆ వాక్యం ధారాళంగా చదవగలిగిన వాళ్ళది. దాన్ని ఇలా విరిచి చూడు:

"రాజు మీసం పెరిగింది. మీసం మేడ దిగింది. మీసం వీధి దాటింది."

పేజీ తిప్పితే: "మేక నమిలింది!"

అక్షరం కింద రాసే ఒత్తు ఒక్కటీ లేదు. ఏ మాటా నాలుగక్షరాలు దాటలేదు. "మీసం" మూడోసారి వచ్చేసరికి బిడ్డ చూడగానే అనేస్తాడు. మిగిలిన ఓపికంతా మేక మీద పెడతాడు. మీసం కొస కుడి పేజీ అంచు దాటి బయటికి పోతున్నట్టు బొమ్మ ఉండాలి. అక్కడ మేక తోక కనబడినా నవ్వు ముందే ఖర్చయిపోతుంది. ఈ సంగతి బొమ్మలు వేసేవారికి రాతప్రతిలోనే రాసిపెట్టు.

తెలుగులో మాటలు లెక్కపెడితే మోసపోతాం. "వెళ్ళిపోవాల్సివచ్చినప్పుడు" కూడా ఒక్క మాటే. అక్షరాలు లెక్కపెట్టు. ఒత్తులన్నీ ఒకటి కావు. "గడ్డం", "డబ్బా"లలో ఒత్తు తన అక్షరం పోలికలోనే ఉంటుంది, ముందు అవి రానీ. త, న, మ, య, ర, ల ఒత్తుల రూపమే వేరు, కాస్త ఆగి తీసుకురా. "అమ్మ", "నాన్న" కళ్ళకు అలవాటే, భయం లేదు. "మేకొచ్చింది" అని సంధి చేయకు. బిడ్డకు తెలిసిన మేక అందులో మాయమైపోతుంది.

మన ఊళ్ళో పిల్లలు చాలామంది బడిలో కన్నడం చదివి, తెలుగు చదవడం ఇంట్లో నేర్చుకుంటారు. లిపులు దగ్గరివి కాబట్టి గుణింతం పద్ధతి తెలిసే ఉంటుంది. కానీ క, త, శ రూపాలు వేరు, వేలు అక్కడ ఆగుతుంది. మరి నీ మేకలో "క" ఉంది కదా! అందుకని మొదటి పేజీలోనే దొడ్లో మేకను చూపించి "ఇది మేక" అని రాసెయ్. తర్వాత దాని ఊసెత్తకు. నవ్వు పండే చోట అది పాత చుట్టంలా ఎదురవుతుంది. చెన్నై పిల్లల చిక్కు మరోటి: తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం, ఖ, ఘ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలు లేనే లేవు. నీ "భూతం" వాళ్ళను నిలబెట్టేస్తుంది.

మంత్రిగారి బట్టతల మీది వేళాకోళం తీసెయ్. అలాంటిది కనబడితే తల్లిదండ్రులు పుస్తకం మూసేస్తారు, మూయాలి కూడా. ఇంట్లో ఒకే పుస్తకం రోజూ చదివించుకుంటారు. ఆశ్చర్యం మొదటిరోజే అయిపోతుంది, బిడ్డ గట్టిగా అనుకునే లయ మాత్రం నిలుస్తుంది. ఆ లయ మీద ఇంకా పనిచెయ్.

పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో మొదటి స్థాయి తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, నాలుగైదు పైకి చదువు. తర్వాత నీ ప్రతిని ఇద్దరు ముగ్గురు పిల్లల చేతికిచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చో. వేలు ఆగిన ప్రతిచోటా పెన్సిలు గీత పెట్టు. ఒకే మాట కింద రెండు గీతలు పడితే ఆ మాట మార్చు.

మళ్ళీ పంపేటప్పుడు పేజీలవారీగా విడగొట్టి పంపు. 16 పేజీలు చాలు, పేజీకి ఒకటి రెండు వాక్యాలు.

ఆశీస్సులతో,
అక్క