ముందు దారి రాయమ్మా

ట్రూరో, కార్న్‌వాల్
ఆదివారం రాత్రి

అమ్మాయీ,

నీ రగ్బీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. ఆ సంగతి ముందు తేల్చుకుంటేగానీ మిగతాది రాయలేను.

నీ ఆటగాళ్ల బస్సు రెడ్రూత్ పక్క ఊళ్లో పొద్దున్నే బయల్దేరి బార్న్‌స్టపుల్ వెళ్తుంది. దారిలో సాల్టాష్ దగ్గర, మన కార్న్‌వాల్‌కీ పక్కనున్న డెవన్‌కీ సరిహద్దైన టేమర్ నది వంతెన దాటుతుంది. కెప్టెన్ కిటికీలోంచి నదిని చూసి కళ్లు తుడుచుకుంటాడు. బార్న్‌స్టపుల్ ఉత్తర డెవన్‌లో ఉంది. ఆ వంతెన దక్షిణాన, ప్లిమత్ పక్కన ఉంది. దారి తప్పితే తప్ప ఆ బస్సు అటు పోదు. నువ్వు రెండేళ్లుగా ఇదే కౌంటీలో ఫిజియోథెరపిస్టువి. శనివారాలు క్లబ్బులో కుర్రాళ్లకి టేపులు చుడతావు. అదే బస్సులో వాళ్లతో వెళ్తావు. మరి దారి ఎందుకు చూడలేదమ్మా?

రెండోది. కథంతా "రగ్బీ లీగ్" అని రాశావు. రగ్బీ లీగ్ అనేది ఇంకో ఆట పేరు. దాంట్లో జట్టుకి 13 మంది. నీ క్లబ్బు ఆడే రగ్బీ యూనియన్‌లో 15 మంది. 1895లో ఉత్తరాది క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో కూర్చుని విడిపోయాయి, లీగ్ ఆట అలా పుట్టింది. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాడు శనివారం ఆటకొస్తే ఆ పూట కూలి పోయేది. ఆ కూలి డబ్బులు ఇప్పించమంటే ఆట నడిపే పెద్దలు కుదరదన్నారు. అన్నం దగ్గర వచ్చిన గొడవ అది. ఇక్కడి తగరపు గనుల కార్మికులు మాత్రం రగ్బీ యూనియన్ ఆటలోనే ఉండిపోయారు. నువ్వు రాస్తున్నది ఆ మనుషుల మనవళ్ల గురించి. పేరు తప్పు రాస్తే వాళ్ల తాతల్ని వేరే ఊరికి పంపేసినట్టు అవుతుంది.

టేపు గురించి రాసిన పేరా బాగుంది. ఆట అయ్యాక ఆ ప్రాప్, అదే స్క్రమ్‌లో రెండు జట్లూ తలలు కలిపి నెట్టుకునేటప్పుడు ముందు వరసలో ఉండేవాడు, ఆయన తలచుట్టూ చుట్టిన టేపు విప్పుతుంటే, దాంతోపాటు గడ్డిపరకలూ నాలుగు వెంట్రుకలూ ఊడొచ్చాయని, ఆయన "ఊఁ" అనకుండా నీ పెళ్లి కబుర్లు అడిగాడని రాశావు చూడు, అది నువ్వు చూసిందే. ఇంకెవరూ రాయలేరు. దాన్ని ముట్టుకోకు.

ఇప్పుడు అసలు విషయం. నీ కథలో ప్రమోషన్, అంటే పై లీగ్‌కి ఎక్కడం, స్వర్గం; రెలిగేషన్, అంటే కింది లీగ్‌కి పడిపోవడం, చావు. ఆఖరి నిమిషంలో బంతిని గీత అవతల ఆనించి ట్రై, రెలిగేషన్ తప్పింది, అందరూ ఏడుస్తున్నారు, కథ అయిపోయింది. పాయింట్ల పట్టిక చూసి రాసిన కథ ఇది. ప్రాంతీయ లీగ్ కథ పట్టికలో ఉండదమ్మా. దారిలో ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను, విన్నవాళ్లు తక్కువ.

లెక్క చూడు. నీ క్లబ్బు ఉన్న రీజినల్ 1 సౌత్ వెస్ట్ పైనుంచి ఐదో మెట్టు. దాని పైన నేషనల్ లీగ్ 2 వెస్ట్. కింద రీజినల్ 2, ఆ కింద కౌంటీస్ లీగులు. పైకి పోయినకొద్దీ ఊళ్లు దూరమవుతాయి, కిందికి దిగినకొద్దీ దగ్గరవుతాయి. ఒక్క మెట్టు ఎక్కావంటే బస్సు అద్దె పెరిగింది, శనివారం మొత్తం పోయింది, పెళ్లాం మొహం మాడింది. 2022లో ఈ లీగులన్నీ తిరగేసి సర్దినప్పుడు, నార్త్, సౌత్ అని రెండుగా ఉన్న నేషనల్ 2ని మూడు ముక్కలు చేశారు. ప్రయాణాలు తగ్గించాలన్నది అందులో పెద్ద కారణం. వేసవి వచ్చిందంటే చాలు, మ్యాప్ ముందేసుకుని ఎవరు ఎటు అని మళ్లీ సర్దుతారు. గెలవకుండా, ఓడకుండా ఒక క్లబ్బు పక్క లీగ్‌లోకి మారిపోవచ్చు, కేవలం రోడ్డు వల్ల. నీ కథలో వీటిలో ఒక్కటైనా ఉందా?

నేను చూసింది ఒకటి చెబుతాను. పదేళ్లు దాటింది. క్లబ్బు పేరు అక్కర్లేదు. సీజన్‌లో ఆఖరి మ్యాచ్, సొంత మైదానం, వాన. మనవాళ్లు 13, అవతలివాళ్లు 23. ఇంకో నిమిషం ఉందనగా గోల్ కర్రల ఎదురుగా మనకి పెనాల్టీ దొరికింది. పది పాయింట్లు వెనకబడి ఉన్నవాడు ఏం చేస్తాడు? బంతిని మూలకి తన్ని, ట్రై కోసం చూస్తాడని అనుకుంటాం. నా పక్కనున్న కుర్రాడు "మూలకి కొట్టండి" అని గొంతు చించుకున్నాడు. కెప్టెన్ గోల్ కర్రలవైపు చెయ్యి చూపించాడు. బంతి లోపలికి పోయింది. 16, 23. విజిల్. ఓడిపోయారు. ఓడినవాళ్లు ఎగిరి ఒకరినొకరు వాటేసుకున్నారు.

ఏడు పాయింట్లు, అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒక బోనస్ పాయింట్ వస్తుంది. నాలుగు ట్రైలు చేసినా ఒకటి వస్తుంది. గెలిస్తే నాలుగు, డ్రా అయితే రెండు. ఆ ఒక్క పాయింటుతో వాళ్లు ఆ ఏడు లీగ్‌లో నిలబడ్డారు. నీ కథలో జట్టుకి సరిగ్గా ఇలాంటి అవసరమే ఉంది, నువ్వు బోనస్ పాయింట్ అనే మాటే ఎత్తలేదు. ఓడి బతికే అవకాశం ఈ ఆట నీకు ఇస్తుంటే, గెలిపించి పాడుచేశావు.

ఇంకా అయిపోలేదు. తాడు అవతల నా పక్కనే ఒకావిడ నిలబడి ఉంది. మా ప్రాప్ భార్య. వాళ్లకి పాడి ఉంది, ఎనభైకి పైగా ఆవులు. అందరూ అరుస్తుంటే ఆవిడా చప్పట్లు కొట్టింది, కొట్టి, నావైపు తిరిగి మెల్లగా అంది: "అయితే డాక్టర్, ఇంకో ఏడాది సాయంత్రం పాలు పిండే పని నాదే." బయటి ఊళ్లో మ్యాచ్ అంటే మొగుడు పొద్దున పాలు పిండి బస్సెక్కితే రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరతాడు. కింది లీగ్‌లో అన్నీ చుట్టుపక్కల ఊళ్లే. ఓడిపోయి ఉంటే చాలా శనివారాలు చీకటి పడకముందే కొట్టంలో ఉండేవాడు. ఆవిడ సంతోషం నిజం, ఆ మాటా నిజం. చేతులకి చలికి పగుళ్లు. ఆ చేతులతోనే చప్పట్లు. అదీ కథ. పదేళ్లుగా రాయాలని చూస్తున్నాను, నాకు కుదరలేదు. నువ్వు రాస్తే నాకంటే బాగా రాస్తావనే నీ మీద ఇంత కోపం.

దూరం అంటే ఇంకో మనిషి గుర్తొస్తాడు. గ్రేమ్ డా అనే ఆయన. ఇంగ్లండ్‌కి హుకర్‌గా, అంటే స్క్రమ్‌లో ఇద్దరు ప్రాప్‌ల మధ్య, ఆడిన రైతు. పొలం ఇక్కడ టేమర్ నది దగ్గర, ఆడింది దూరాన ఉన్న బాత్ ఊరి క్లబ్బుకి. ఆటకి పైసా ఇవ్వని రోజులవి, డబ్బులు 1995 తర్వాత కదా వచ్చాయి. పొలం పని ముగించుకుని ప్రాక్టీసుకి కారు నడుపుకుంటూ పోయి, రాత్రికి రాత్రి తిరిగొచ్చేవాడు. ఆయన మీద పేపర్లో ఏ వార్త వచ్చినా ఆ కారు ప్రయాణం లేకుండా రాలేదు. మామూలు విలేఖరులకి తెలిసింది కథకులకి తెలియకపోతే ఎలా?

నేను ఇక్కడికి 1986లో వచ్చాను. అప్పటికి ఈ లీగులే లేవు. మ్యాచ్‌లు క్లబ్బులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుని కుదుర్చుకునేవి. తాతలు ఎవరితో ఆడారో మనవలూ వాళ్లతోనే. చిన్న క్లబ్బు ఎంత బాగా ఆడినా పెద్ద క్లబ్బు సెక్రటరీ జవాబివ్వకపోతే అంతే సంగతులు. 1987లో కరేజ్ అనే బీరు కంపెనీ పేరుతో లీగులు పెట్టి, వెయ్యికి పైగా క్లబ్బుల్ని ఒక నిచ్చెన మీద నిలబెట్టారు. ఆ ఏడు నేను క్యాజువాల్టీలో జూనియర్ డాక్టర్ని. శనివారం సాయంత్రం ఆరు దాటితే భుజాలు జారినవాళ్లు, కనుబొమ్మలు చిట్లినవాళ్లు వరసగా వచ్చేవారు. కుట్లు వేస్తుంటే ఒక గని కార్మికుడు చెప్పాడు: "ఇన్నాళ్లూ ఆడాం డాక్టర్, ఇప్పుడు లెక్కలోకి వచ్చాం." సౌత్ క్రాఫ్టీ గనిలో పని ఆయనకి. ఆ గని 1998లో మూతపడింది.

ఆయనే నన్ను 1991లో ట్వికెన్‌హామ్ తీసుకెళ్లాడు, కౌంటీ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కి. కార్న్‌వాల్ ఖాళీ అయిపోయిందా అన్నట్టు బస్సులు, కార్లు. నలుపు, బంగారు రంగుల కండువాలు. అదనపు సమయం ఆడి యార్క్‌షైర్‌ని 29-20తో కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు రాత్రంతా బస్సులో పాటలే. ఇంటికొచ్చి నిద్రపోకుండా నా మొదటి రగ్బీ కథ రాశాను. ఎయిర్ మెయిల్లో ఒక వారపత్రికకి పంపాను. ఏడు నెలలకి జవాబొచ్చింది. "ఈ ఆట మన పాఠకులకి తెలియదు. క్రికెట్ చేసి, ఊరు గుంటూరుకి మార్చి పంపండి" అని. నేను మార్చానమ్మా. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆత్రంతో మార్చాను. స్క్రమ్ తీసేశాను, బురద తీసేశాను, ఆ బస్సు తీసేశాను. కథ అచ్చయింది, బొమ్మతో సహా. ఆ గని కార్మికుడు పత్రిక తెప్పించుకుని, చదివి వినిపించమని అడిగాడు. ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాను. అంతా విని, "మేమెక్కడున్నాం ఇందులో?" అన్నాడు. ఈ రోజుకీ ఆ సంచిక నా అలమరలో ఉంది. తెరవలేదు.

పాఠకుడికి తెలియదనే మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండేది అందుకే. తెలియనిది చెప్పడానికే కదా మనం ఉన్నది. ఇప్పుడు ఇంకో రకం వచ్చింది. విదేశం కథ అంటే ఎక్కడో ఒకచోట ఆవకాయ జాడీ, పండగ పూట దిగులు, ఆటలో ఒక తెలుగు కుర్రాడు హీరో. నువ్వూ ఆ గాలికే పోయావు. వింగ్‌లో పరిగెత్తి గెలిపించిన ఆ కాకినాడ అబ్బాయి ఎవరు? నీ క్లబ్బులో అలాంటివాడు ఉంటే రాయి, సంతోషం. లేడని నాకూ నీకూ తెలుసు. టేపు విప్పే అమ్మాయివి నువ్వున్నావు కదా అక్కడ, నిజంగా ఉన్నావు. తెలుగు మనిషి కావాలంటే నువ్వు చాలవా?

"ఎంత చిన్న క్లబ్బైనా పైదాకా పోవచ్చు" అని ఒకచోట రాశావు. పక్కనే ఉన్న ఎక్సెటర్ క్లబ్బు 2010లో అన్నిటికంటే పైదైన ప్రీమియర్‌షిప్‌లోకి వచ్చి 2017లో ఛాంపియన్ అయింది, నిజమే. కానీ 2022లో ఈలింగ్ క్లబ్బు దాని కింది డివిజన్ గెలిచి కూడా బయటే నిలబడింది, మైదానం చిన్నదని. అదే ఏడాది ప్రీమియర్‌షిప్ క్లబ్బులు వూస్టర్, వాస్ప్స్ అప్పుల్లో మునిగిపోయాయి, మరుసటేడు లండన్ ఐరిష్. ఆ వాక్యం కొట్టేయ్.

ఒక చిన్న భాష సంగతి. "ట్రై చేశాడు" అంటే తెలుగులో ప్రయత్నించాడని. నీ కథలో మూడుచోట్ల నాకే అర్థం కాలేదు, గీత దాటించాడా, ఊరికే ప్రయత్నించాడా అని. కొన్నాళ్లు నేను "ట్రై సాధించాడు" అని రాశాను, అది రేడియో వార్తల్లా ఉంటుంది. తర్వాత తెలిసింది, పాతరోజుల్లో బంతిని గీత అవతల ఆనిస్తే పాయింట్లేమీ వచ్చేవి కావట, గోల్‌కి తన్నే ప్రయత్నం చేసుకునే హక్కు మాత్రమే వచ్చేదట. పేరు అక్కడిదే. కాబట్టి మన "ట్రై చేశాడు" అంత తప్పేం కాదు. పక్కన బంతి, గీత, బురద కనిపించేలా రాయి, చదివేవాడికి అదే తెలుస్తుంది. అడుగున నోట్లు పెట్టకు.

పుస్తకం ఎవరు వేస్తారు, కలం పేరు పెట్టుకోవాలా అని కూడా అడిగావు. అవి ఇప్పుడు కాదు.

కథ మళ్లీ మొదట్నుంచి రాయి. బస్సు ఎన్నింటికి కదిలిందో, డ్రైవర్ పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో, కూర పెట్టి కాల్చిన పేస్టీలు చల్లారకుండా దేంట్లో చుట్టారో రాయి. బాడ్మిన్ మూర్ మీద ఏ-30 రోడ్డులో పొగమంచు ఎక్కడ మొదలవుతుందో చూసి రాయి. సాల్టాష్ వంతెన నీకు అంత ఇష్టమైతే జట్టుని ఐవీబ్రిడ్జ్ పంపు, అప్పుడు దారిలో వస్తుంది. ఆ వంతెన మీద కార్న్‌వాల్ వదిలి పోయేటప్పుడే టోల్ కట్టాలి, తిరిగి ఇంటికి రావడానికి కట్టక్కర్లేదు. మీ బస్సులో పెద్దవాళ్లని అడుగు, దాని మీద ఏమంటారో వాళ్ల మాటల్లోనే రాసుకో.

డిసెంబర్ 26న రెడ్రూత్‌కి కాంబోర్న్‌తో ఆట ఉంటుంది, ఎవరు ఏ లీగ్‌లో ఉన్నా ఆ రోజు కలిసి ఆడటం వాళ్ల పాత ఆనవాయితీ. మధ్యలో దూరం ఆరేడు కిలోమీటర్లే. నేను రెడ్రూత్ మైదానంలో హెల్‌ఫైర్ కార్నర్ అనే మూల దగ్గర నిలబడతాను, మోకాలు సహకరిస్తే. ఆ పాలావిడ కూడా వస్తుంది, పరిచయం చేస్తాను. మార్చిన కథ అచ్చు తీసి తీసుకురా, రెండువైపులా మార్జిన్ వదులు. పార్కింగ్ దొరకదు, పదింటికల్లా మా ఇంటికి వచ్చేస్తే కలిసి పోదాం.

ఆశీస్సులతో,
మీ డాక్టర్ మావయ్య