మెటలర్జీ సీటు వదులుకోవాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయికి ఇక్కడి ఎన్‌ఐటీలో మెటలర్జీ వచ్చేలా ఉంది. మెషిన్ లెర్నింగ్‌తో కొత్త లోహాలు కనిపెడతానంటోంది. చుట్టాలేమో ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈకి వెళ్లమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అమ్మాయి చెప్పేది గాలిమాట కాదండీ. రామగుండం ఎన్‌టీపీసీ చిమ్నీలు చూసే ఉంటారు. అక్కడి బాయిలర్ ట్యూబులు ఐదారు వందల డిగ్రీల ఆవిరిని ఏళ్ల తరబడి భరించాలి. అంత వేడిలో ఒత్తిడి పడుతూ ఉంటే ఉక్కు కూడా మెల్లగా సాగుతుంది. దాన్నే క్రీప్ అంటారు. ఒక ఉక్కు లక్ష గంటలు తట్టుకుంటుందా అని నిజంగా పరీక్షిస్తూ కూర్చుంటే పదకొండేళ్లు దాటిపోతాయి! అందుకే చేతిలో ఉన్న కొద్దిపాటి ఫలితాలతో మిగతాది అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లు కావాలి. కొత్త మిశ్రమాల వెతుకులాటా అంతే. మోడల్ ఓ పది మిశ్రమాలు సూచిస్తుంది. ల్యాబ్‌లో వాటిని కరిగించి, లాగి, విరిచి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ మోడల్‌కే ఇస్తారు.

2023లో గూగుల్ వాళ్ల ఏఐ సంస్థ డీప్‌మైండ్ 22 లక్షల కొత్త స్ఫటికాలను (పరమాణువులు క్రమంగా అమరిన పదార్థాలను) కంప్యూటర్‌లో లెక్కగట్టి, వాటిలో 3.8 లక్షలు స్థిరంగా ఉంటాయంది. లెక్కలో స్థిరంగా ఉండటం వేరు, కొలిమిలో తయారవడం వేరు, టర్బైన్‌లో తుప్పు పట్టకుండా నిలవడం మరీ వేరు. ఆ తేడా పసిగట్టాలంటే లోహం తెలియాలి. పైథాన్ లాంటి కోడింగ్ భాష ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, కొలిమి ఇంట్లో ఉండదు కదా. (ఒకప్పుడు ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చేవారు. చుట్టాలకు ఈ ముక్క చెప్పి చూడండి.)

అయితే బీటెక్‌తో ఆగితే ఈ పని దొరకడం కష్టం. ఎంటెక్, వీలైతే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. అంటే తోటివాళ్లు జీతాలు తీసుకుంటున్నా మీ అమ్మాయి ఇంకా చదువుతూనే ఉంటుంది. అది మీకు భారమైతే ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ తర్వాత వెతుక్కోవడానికి హైదరాబాద్‌లోనే రక్షణ రంగ లోహ పరిశోధన ల్యాబ్ డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధాని, కొత్త మెటీరియల్స్ పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ ఉన్నాయి. మొదటి ఏడాది నుంచే థర్మోడైనమిక్స్, స్టాటిస్టిక్స్ గట్టిగా చదవమనండి. పదార్థాల గుణాల లెక్కలుండే మెటీరియల్స్ ప్రాజెక్ట్ అనే డేటాబేస్ ఉచితమే, సెలవుల్లో దాంతో కుస్తీ పట్టొచ్చు.

ఒకవేళ ఆమెకు నచ్చింది ఏఐ ఒక్కటే అయితే, చుట్టాలు చెప్పిందే నయం. సీటు ఫ్రీజ్ చేసేలోపు (అంటే ఇదే చాలని ఖాయం చేసేలోపు), వీలైతే అనుమతి అడిగి ఆ డిపార్ట్‌మెంట్ ల్యాబ్ ఒకసారి చూపించండి, కాజీపేట రోడ్డులోనేగా. ఫర్నేస్ దగ్గర ఎంతసేపు నిలబడుతుందో గమనించండి.