చిన్నాకి, బొమ్మ గీసే ముందు

ఒరేయ్ చిన్నా,

పద్దెనిమిదేళ్లు నిండిన నీ స్నేహితులకి పెద్దయిన గుర్తుగా పచ్చబొట్టు డిజైన్లు గీస్తున్నావట. అక్క ఫోన్‌లో సగం ఏడుపు, సగం గొప్ప. నా సంగతీ అంతే.

కొత్త సూది, కొత్త గ్లవ్స్, ఒక్కొక్కరికీ విడిగా పోసిన ఇంకు లేనిచోట కూర్చోవద్దని వాళ్లకి చెప్పు. హెపటైటిస్ బి, సి వాడిన సూదుల నుంచి కూడా అంటుకుంటాయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నాకు నిద్ర పట్టనిది వేరే విషయం. నేను ఈ పనిలో దిగిన రెండో ఏడు ఓ కుర్రాడు పత్రికలోంచి చింపిన కాగితం తెచ్చాడు. న్యూజిలాండ్ మావోరీ పెద్దాయన ముఖం, నుదుటి నుంచి గడ్డం దాకా పచ్చబొట్టు సుళ్లు. అవే భుజం మీద కావాలన్నాడు. అర్థమేంటని నేనడగలేదు. గీత నున్నగా వస్తుందా లేదా, అదే నా ధ్యాస. మూడు సిట్టింగులు. చివర్లో అద్దంలో చూసుకుని నన్ను వాటేసుకున్నాడు.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ వచ్చాడు. మండుటెండలో ఫుల్ చేతుల చొక్కా. "అన్నా, ఇదేంటని అందరూ అడుగుతున్నారు, ఏం చెప్పను?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాను. మావోరీల సంప్రదాయ పచ్చబొట్టు టా మోకోలో ఆ మనిషి వంశం, తెగ ఉంటాయి. ఆ పెద్దాయన తాతముత్తాతల్ని తెచ్చి ఈ కుర్రాడి భుజానికి అంటించాన్రా! వంశంతో ముడిపడని బొమ్మలకి వాళ్లే కిరితుహి అని వేరే పేరు పెట్టుకున్నారు. ఒక్క ప్రశ్న అడిగుంటే సరిపోయేది. ఇప్పటికీ ఫుల్ చేతుల చొక్కా కనిపిస్తే వాడేనేమో అని చూస్తాను.

పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో మగవాళ్లకి నడుం నుంచి మోకాళ్ల దాకా పెఆ అనే పచ్చబొట్టు వేస్తారు. నొప్పికి తట్టుకోలేక మధ్యలో లేచిపోతే పెఆ ముతు అంటారు, అది జన్మంతా సిగ్గు. ఆ ఓర్పే అసలు తంతు. నెట్‌లోంచి ఆ గీతలు దించుకుంటే నీకు దక్కేది తొక్క. అందుకే ముందు పెన్సిల్ కింద పెట్టు. నీ స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, "నువ్వు ఏం దాటొచ్చావు?" అని అడుగు. అర్ధరాత్రి మొదటిసారి బండి తీసి అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లినవాడికి ఆ బండి తాళంచెవి చాలు. పులులూ గద్దలూ ఎందుకు?

ఇంకు చర్మం లోపలి పొరలో ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ కాస్త పాకుతుంది. చిన్న అక్షరాలు వద్దు, ఠలో చుక్క పూడుకుపోతుంది. స్టెన్సిల్ అంటించాక చెయ్యి వేలాడేసి ఒకసారి, మడిచి ఒకసారి చూడు. కండ తిరిగితే గుండ్రం కోడిగుడ్డవుతుంది.

అక్క పంపిన ఫోటో చూశాను. నీ వయసులో నా చెయ్యి అంత నిలకడగా ఉండేది కాదు. ఆ మణికట్టు డిజైన్‌లో మాత్రం ఎడమవైపు రెండు గీతలు మరీ దగ్గరగా ఉన్నాయి. విడదీసి మళ్లీ పంపు.

మీ మామయ్య