బోర్డు మీద నీ పేరు

ప్రశ్న: పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో డాక్యుమెంటేషన్ చూస్తాను. సెక్షన్లో అయిదుగురం. మిగతావాళ్లు రోజుకి 7, 8 బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో వేసే పత్రాలు) వేస్తే నేను 12 వేస్తాను. పోయిన నెల మా సార్ వైట్‌బోర్డు మీద పేర్ల పక్కన లెక్కలు రాసి, "ఆ అమ్మాయికి లేని రోగం మీకెందుకు?" అన్నారు. అప్పట్నుంచి నన్ను టీకి పిలవడం లేదు. "ప్రైజిస్తారేటమ్మా నీకు?" అని దెప్పుతున్నారు. మొన్న నా ఫైలుకి కస్టమ్స్ క్వెరీ వస్తే, చూసినావిడ సాయంత్రం దాకా చెప్పలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పని తగ్గించుకోనా, ఉద్యోగం మారనా?
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: రెండూ వద్దమ్మా. ముందు ఆ బోర్డు సంగతి చూడు.

పెళ్లికి ముందు నేను ఆటోనగర్‌లో ఒక చిన్న యూనిట్లో మోటార్లకి కాయిళ్లు చుట్టేదాన్ని. నేను రోజుకి 10, మిగతావాళ్లు 7. ఒకరోజు నా కత్తెర మాయం. మర్నాడు టేపు. ఏడుపు మొహంతో బస్సెక్కితే పక్కన కూర్చున్న పెద్దావిడ, "నువ్వు 10 చుడితే వచ్చే నెల మాకూ 10 అంటాడే. ఈ కళ్లతో నేనెక్కడ చుట్టను?" అంది. కత్తెర తీసింది ఆవిడేనని తర్వాత తెలిసిందనుకో.

ఇది మన ఊరి జబ్బు కాదు. 1931-32లో అమెరికాలో, షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 14 మంది పనివాళ్లని ఒక గదిలో పెట్టి గమనించారు. ఎవడైనా జోరు పెంచితే పక్కవాళ్లు భుజం మీద గుద్దేవారట. కంపెనీ కూలి రేటు తగ్గిస్తుందని, మనుషుల్ని తీసేస్తుందని భయం. మీ ఆఫీసులో గుద్దుల్లేవు, టీ మానేశారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నీ 12 ఎలాంటివి? ఒకే సరుకు, ఒకే పార్టీ, నెలనెలా వచ్చేదైతే పాత బిల్లు చూసి వేసేయొచ్చు. ఒకావిడకి వంద రకాల మెషినరీ విడిభాగాలొస్తే ప్రతి వస్తువుకీ టారిఫ్ కోడ్, అంటే సుంకం తేల్చే నంబరు, వెతకాలి. బోర్డు మీద అదీ ఒకటే, నీదీ ఒకటే. ఈ మాటే సార్‌తో విడిగా చెప్పు: "పేర్లు తీసేయండి సార్, బిల్లులు కాదు, అందులో ఐటెమ్‌లు లెక్కపెట్టండి." అప్పుడు నీ అంకె కాస్త తగ్గినా తగ్గొచ్చు. తగ్గనీ. ఎవరు తక్కువ చేస్తున్నారన్న మాట మాత్రం నీ నోట రాకూడదు.

క్వెరీ దాచడం వేరు, దాన్ని అలకలో కలపకు. క్లియరెన్స్ ఆలస్యమైతే డెమరేజ్ (సరుకు పోర్టులో ఉండిపోయినందుకు పడే రుసుము) కట్టేది పార్టీ, తిట్లు తినేది నువ్వు. క్వెరీలన్నీ అందరూ చూసే ఒకే మెయిల్‌కి వచ్చేలా పెట్టించు. మళ్లీ దాస్తే, తేదీ, టైమూ రాసి సార్‌కి చూపించు. అక్కడ మొహమాటం అక్కర్లేదు.

టీకి రేపు నువ్వే పిలువు. అందరి డబ్బులూ మాత్రం నువ్వే ఇచ్చేయకు, దానికీ ఒక పేరు పెడతారు.