తాజాదనం చెప్పే లేబుల్‌ను నమ్మవచ్చా?

ప్రశ్న: నార్వేలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడి చేపల ప్యాకెట్ ఫొటో పంపాడు. దాని మీద తేదీతో పాటు, సరుకు ఇంకా ఎన్ని రోజులు నిలవ ఉంటుందో చూపే చిన్న పట్టీ అతికించి ఉంది. ప్యాకెట్‌కు వేడి తగిలినకొద్దీ ఆ రోజులు త్వరగా తగ్గిపోతాయట. మన పాలు, పనీర్, చికెన్ ప్యాకెట్ల మీద ఇలాంటివి వస్తే నమ్మవచ్చా? తేదీ ఉండగా ఇదెందుకు, ధర పెంచడానికే కదా అని మావారు అంటున్నారు.
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మీవారి అనుమానం కొట్టిపారేయదగినది కాదు. విదేశాల్లో కూడా చాలామంది కొనుగోలుదారులు ఇవి మంచివేనని ఒప్పుకుంటూనే, వాటి కోసం అదనంగా డబ్బు పెట్టమంటే వెనకాడుతుంటారు. అయితే తేదీ ఉండగా ఇదెందుకు అన్న ప్రశ్నకు గట్టి సమాధానమే ఉంది. ప్యాకెట్ మీది తేదీ, సరుకును చెప్పినంత చల్లగా ఉంచితేనే వర్తిస్తుంది. డెయిరీ నుంచి వ్యాన్‌లోకి, అక్కడి నుంచి దుకాణం ముందరి ప్లాస్టిక్ ట్రేలోకి, ఆ ట్రేలో ఎండ తగిలాక మన సంచిలోకి వచ్చేలోగా ఆ నియమం ఎన్నిసార్లు తప్పిందో అచ్చువేసిన తేదీ చెప్పలేదు. మే నెలలో, ఇంకా గడువున్న పాలే పొయ్యి మీద పెట్టగానే విరిగిపోవడం చాలా ఇళ్లలో చూసేదే. ఈ లేబుల్ చెప్పేది సరిగ్గా ఆ దారిలో తగిలిన వేడి సంగతే.

నిజానికి ఇలాంటి గుర్తును మన ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నారు. పోలియో చుక్కల సీసా మీద ఒక వలయం, దాని మధ్యలో లేత రంగు చతురస్రం ఉంటాయి. వేడి తగిలినకొద్దీ ఆ చతురస్రంలోని పదార్థం నెమ్మదిగా ముదురు రంగుకు మారుతుంది. తిరిగి ఐస్‌లో పెట్టినా పాత రంగు రాదు. చతురస్రం వలయమంత ముదిరితే, గడువు ఎంత మిగిలి ఉన్నా, ఆ సీసాను వాడరు. 1996లో పోలియో టీకాతో మొదలైన ఈ పద్ధతి తర్వాత ఇతర టీకాలకూ విస్తరించింది. ఆహారం మీది లేబుళ్లలో కొన్ని ఇదే సూత్రంతో, మరికొన్ని ఎంజైముతో పనిచేస్తాయి. కనుక ఈ పరిజ్ఞానాన్ని అనుమానించనక్కరలేదని నా అభిప్రాయం.

అసలు చిక్కు అమ్మకం దగ్గర వస్తుంది. పట్టీలోని రసాయనం తిండిలో కలుస్తుందేమోనని కొందరు భయపడతారు. సాధారణంగా దాన్ని ప్యాకెట్ పైభాగానే అతికిస్తారు కాబట్టి ఆ భయం అక్కరలేదు. అందరూ రంగు మారని ప్యాకెట్లనే ఏరుకుంటే మిగిలినవి వృథా అవుతాయన్నది దుకాణదారుల బెంగ, అందులో నిజం ఉంది. తేదీ, లేబుల్ చెరొక మాట చెబితే దేన్ని నమ్మాలన్నది కొనేవారి సందేహం. గడువు ఉన్నా లేబుల్ ముదిరితే ఆ సరుకు తినకండి. లేబుల్ బాగున్నా గడువు దాటితే కూడా తినకండి, ఎందుకంటే మన దేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద తప్పనిసరిగా ఉండవలసింది ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ తేదీయే. రంగు మారిన ప్యాకెట్‌ను దుకాణంవాళ్లు మారుమాట లేకుండా వెనక్కి తీసుకున్నప్పుడే జనం ఈ లేబుల్‌ను నమ్ముతారు. ఆ హామీ లేకుండా ధర మాత్రం పెంచితే, మీవారి మాటే సరైనదవుతుంది.

ప్రశ్న: లేబుల్ బాగుండి వాసన తేడాగా ఉంటే ఏం చేయాలి? వాసన బాగుంటే లేబుల్‌ను పట్టించుకోనక్కరలేదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మొదటి సందర్భంలో పారేయండి. ఈ రకం లేబుల్ వేడిని, కాలాన్ని మాత్రమే లెక్కిస్తుంది. ప్యాకింగ్‌కు ముందే సరుకు కలుషితమైనా, కవరుకు చిల్లు పడినా దానికి తెలియదు.

రెండోది ఇంకా ప్రమాదం. మన ముక్కు పట్టలేని విషాలు ఉన్నాయి. గాలి తీసేసి ప్యాక్ చేసిన పచ్చి చేపలో, ఉష్ణోగ్రత 3.3 డిగ్రీల సెల్సియస్ దాటితే, బొటులినం జాతిలోని ఒక రకం బాక్టీరియా పెరిగి, కుళ్లు వాసన రాకముందే విషాన్ని తయారుచేయగలదు. అందుకే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, గడ్డకట్టించకుండా చల్లగా మాత్రమే ఉంచి అమ్మే అలాంటి చేపలకు, ప్రతి ప్యాకెట్ మీదా ఇటువంటి లేబుల్ అతికించడాన్ని ఒక రక్షణ మార్గంగా సూచిస్తోంది. ఇళ్లలోని ఫ్రిజ్ తరచుగా 4, 5 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి, అలాంటి చేపను కొన్న రోజే వండుకోండి. ఫ్రీజర్‌లోంచి తీసినదైతే, గాలి తగిలేలా ముందు కవరు విప్పి, ఆ తర్వాతే ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వండి.