నైలు క్రూయిజ్: శ్రీకాంత్‌కు అత్తయ్య ఉత్తరం

చి. శ్రీకాంత్‌కు అత్తయ్య ఆశీస్సులు.

జనవరిలో అమ్మానాన్నలను నైలు క్రూయిజ్‌కి తీసుకెళ్తున్నావని వదిన ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. అడ్వాన్సు కట్టేముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు. కట్టాక మార్చుకోలేని సంగతులు ముందు రాస్తున్నాను.

మొదటిది, ఎటు నుంచి ఎటు వెళ్ళాలన్నది. లక్సర్‌లో ఎక్కి అస్వాన్‌లో దిగేది నాలుగు రాత్రులు, అస్వాన్‌లో ఎక్కి లక్సర్‌లో దిగేది మూడు రాత్రులు. ఒక రాత్రి ఎక్కువ వస్తుందని చాలామంది మొదటిది తీసుకుంటారు. నువ్వు రెండోది తీసుకో. లక్సర్‌లో ఓడ దిగాక రెండు రాత్రులు హోటల్ విడిగా పెట్టుకో. లక్సర్‌లోని కర్నాక్ అనేది వెయ్యేళ్ళకు పైగా ఒక్కో రాజు ఒక్కో ద్వారమో మండపమో కలుపుతూ పోయిన గుళ్ళ ఆవరణ. చాలాచోట్ల కప్పు లేదు, గోడలు పడిపోయాయి. మొదటిరోజే అక్కడికి వెళ్తే ఏది ముఖమండపమో ఏది గర్భగుడో అన్నయ్యకు అంతుపట్టదు. ముందు దారిలోని ఎడ్ఫు గుడి చూస్తే ఆ చిక్కు ఉండదు. అక్కడ కప్పుతో సహా గుడి మొత్తం నిలిచి ఉంది.

ఎడ్ఫు గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. ఈ ప్రయాణంలో తొందరపడి పాడుచేసుకోకూడనిది అదే. క్రీ.పూ. 237లో మొదలుపెట్టి క్రీ.పూ. 57లో ముగించారు, అంటే నూట ఎనభై ఏళ్ళు. తరవాత ఇసుకలో కూరుకుపోయింది, కప్పు మీద ఊళ్ళోవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. 1860 నుంచి మరియెట్ అనే ఫ్రెంచి పరిశోధకుడు తవ్వించి బయటికి తీశాడు. ఇసుక కప్పేయడం వల్లే ఇంత చక్కగా మిగిలింది. ముందర 36 మీటర్ల ఎత్తు ద్వారగోపురం, దాటగానే ఎండ పడే పెద్ద ప్రాంగణం, తరవాత స్తంభాల మండపాలు. లోపలికి పోయేకొద్దీ నేల కాస్త కాస్త పైకి లేస్తుంది, కప్పు కిందికి దిగుతుంది, వెలుతురు తగ్గుతుంది. చివరికి గర్భగుడిలో ఒకే నల్లరాతిని తొలిచి చేసిన దేవుడి గూడు, దాని ముందు ఉత్సవమూర్తిని ఊరేగించే పడవ నమూనా. మన గుళ్ళకు అలవాటుపడిన కళ్ళకు ఇది ఎవరూ విప్పిచెప్పక్కర్లేదు. డెండెరా గుడి నుంచి హాథోర్ దేవత ఏటా పడవలో ఇక్కడికి, ఈ గుడి దేవుడు హోరస్ దగ్గరికి వచ్చేదని చెబితే వదిన కల్యాణోత్సవమని తనే అంటుంది. గర్భగుడి చూసి అటే బయటికి వచ్చేయకండి. గుడికీ బయటి ప్రహరీకీ మధ్య ప్రదక్షిణ దారిలాంటి సన్నటి సందు ఉంది. పడమటి ప్రహరీ లోపలి వైపు హోరస్ పడవలో నిలబడి నీటిగుర్రాన్ని బల్లెంతో పొడుస్తుంటాడు. ఆ నీటిగుర్రం శత్రువు సేత్. దాన్ని బల్లెం కొసన కుక్కపిల్లంత చెక్కారు. గోడ మీద పెద్దగా చెక్కితే దానికి బలం వస్తుందని భయం. గైడ్లు తొందరలో దీన్ని దాటేస్తారు, నువ్వే అడిగి చూడు.

ఎడ్ఫు రేవు నుంచి గుడికి గుర్రబ్బండిలో తీసుకెళ్తారు. బండి నంబరు ఫోటో తీసుకో, తిరుగు ప్రయాణానికి అదే బండి ఎక్కాలి. ప్యాకేజీలో ఉన్నా దారిలో బక్షీష్ అడుగుతాడు. ఇచ్చేది ఏదైనా ఓడ దగ్గర దిగాకే ఇవ్వు. గుర్రం బక్కచిక్కి ఉన్నా, దెబ్బలు కనపడినా ఆ బండి ఎక్కకండి, ఆటో దొరుకుతుంది. ఓడలన్నీ ఒకే వేళకు వస్తాయి కాబట్టి ముందు అరగంటలో దిగినవాళ్ళకే గుడి నిమ్మళంగా కనపడుతుంది. ఆ పూట టిఫిన్ తరవాత తిన్నా ఫర్వాలేదు.

ఇక కేబిన్. అన్నిటికంటే కింది అంతస్తు వద్దు. కిటికీ నీటిమట్టానికి దగ్గర, ఇంజిన్ మోత ఎక్కువ. అన్నిటికంటే పైది కూడా వద్దు, నెత్తిమీదే డెక్కు కుర్చీలు లాగుతుంటారు. మధ్య అంతస్తులో, ఓడ వెనుక భాగానికి దూరంగా కావాలని బుకింగ్‌లోనే రాయించు. రేవుల్లో ఓడలను పక్కపక్కనే ఆనించి కడతారు. మీ కిటికీ ఎదుట అడుగు దూరంలో ఇంకో ఓడ కిటికీ ఉండొచ్చు, కర్టెన్ వేసుకోండి. ఒడ్డుకు దిగాలంటే మధ్యలో ఉన్న ఓడల లాబీలు ఒక్కొక్కటే దాటాలి. మధ్యలో చెక్కవంతెనలు, గడపలు ఉంటాయి. వదిన చెయ్యి పట్టుకో. మీరు బయట ఉండగా ఓడ చోటు మారుస్తారు కూడా, అందుకే ఓడ పేరున్న కార్డు ముగ్గురి జేబుల్లోనూ ఉండాలి.

అబూ సింబెల్ గుళ్ళకు తప్పకుండా వెళ్ళండి. కానీ ఓడ ఎక్కే రోజున కాదు. అస్వాన్ నుంచి దాదాపు 280 కిలోమీటర్లు, ఎడారి రోడ్డు మీద ఒకవైపు మూడు మూడున్నర గంటలు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి. తిరుగుదారిలో టైరు పంచరైతే మధ్యాహ్నం ఓడ తప్పిపోతుంది. అందుకని అస్వాన్‌కు రెండు రోజులు ముందే చేరి, ఆ మర్నాడు అబూ సింబెల్ చూసి, ఆ తరవాతి రోజు ఓడ ఎక్కండి. హోటల్ వాళ్ళు టిఫిన్ డబ్బాలో కట్టిస్తారు. అన్నయ్య షుగరు మాత్రల వేళలు ఇక్కడి డాక్టరును ముందే అడిగి కాగితం మీద రాయించుకో, దారిలో పరగడుపున కూర్చోబెట్టకు.

ఫిలే గుడి దగ్గర అన్నయ్యకు నాగార్జునకొండ గుర్తు చెయ్యి. ఆనకట్ట నీళ్ళలో మునిగిపోతున్న గుడిని రాయి రాయిగా విప్పి, 1972 నుంచి 1980 దాకా పక్కనున్న అగిల్కియా ద్వీపం మీద మళ్ళీ పేర్చారు. సాగర్‌లో మనం లాంచీ ఎక్కినట్టే అక్కడా మోటారు పడవ ఎక్కాలి. 1902 నాటి పాత ఆనకట్ట కట్టాక ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలోనే ఉండి గోడల రంగులు పోయాయి. ఈజిప్టు బొమ్మల లిపిలో మనకు దొరికిన చిట్టచివరి శాసనం ఇక్కడే ఉంది, క్రీ.శ. 394 నాటిది. మూడు వేల ఏళ్ళకు పైగా రాసిన లిపి ఆగిపోయిన గోడ అది. అక్కడ రెండు నిమిషాలు నిలబడండి.

కోమ్ ఓంబో గుడికి సాధారణంగా సాయంత్రం చేరతారు. రేవు నుంచి నడకే. ఇద్దరు దేవుళ్ళు కాబట్టి రెండు ద్వారాలు, రెండు గర్భగుళ్ళు. పక్కనే మొసళ్ళ మమ్మీల మ్యూజియం. రాళ్ళు ఎగుడుదిగుడు, టార్చి ఉండాలి. ఎస్నా లాకు దగ్గర ఓడలు వరసకట్టి గంటలకొద్దీ ఆగుతాయి. అమ్మేవాళ్ళు చిన్న పడవల్లో వచ్చి బట్టలు కవర్లో చుట్టి డెక్కు మీదికి విసురుతారు. కొనేది లేకపోతే జాగ్రత్తగా తిరిగి విసిరెయ్యండి, నదిలో పడితే వాళ్ళకు నష్టం.

లక్సర్‌లో రాజుల లోయకు పొద్దున్నే గేటు తెరిచే వేళకు వెళ్ళండి. ఒక టికెట్టుకు మూడు సమాధులు. టూటన్‌ఖామున్, మొదటి సేతి సమాధులకు, ఐదు ఆరు రామ్సెస్‌ల ఉమ్మడి సమాధికి వేరే టికెట్లు. వదిన మోకాళ్ళకు నాలుగో రామ్సెస్‌ది సుఖం, వెడల్పుగా, వాలుగా దిగుతుంది. మూడో తుత్మోస్ సమాధికి ఇనుప మెట్లు నిటారుగా ఎక్కి మళ్ళీ దిగాలి, అటు పోనివ్వకు. వేరే టికెట్టు కొనేదొకటే అయితే ఆరో రామ్సెస్‌దే కొను. లోపలి గది కప్పు మీద ఆకాశ దేవత నూత్ బారుగా వంగి ఉంటుంది, సాయంత్రం సూర్యుణ్ణి మింగి పొద్దున్న మళ్ళీ కంటుంది. గైడ్లు సమాధుల లోపల మాట్లాడకూడదు. బయటే అంతా చెప్పించుకుని లోపలికి వెళ్ళండి. ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు, ఫ్లాష్ వద్దు. లోపల ఉక్కగా ఉంటుంది, స్వెట్టర్ బయటే విప్పండి. కర్నాక్‌ను మర్నాటికి ఉంచుకో. 134 స్తంభాల మండపంలో పొద్దుటి ఏటవాలు ఎండ పడాలి.

ప్రధాన స్థలాల టికెట్ కౌంటర్లలో నగదు తీసుకోరు, కార్డు ఉండాలి. విదేశీ వాడకం ఇక్కడే ఆన్ చేయించి, రెండో కార్డు మీ నాన్న దగ్గర ఉంచు. బక్షీష్ మాత్రం నోట్లే, చిన్నవి. చిల్లర దొరకదు కాబట్టి బ్యాంకులోనే అడిగి తీసుకో. ఏదో మూల చూపిస్తానని కాపలావాడు సైగ చేస్తే వెంట వెళ్ళావంటే డబ్బు ఇవ్వాల్సిందే, అక్కర్లేకపోతే నవ్వి "లా, షుక్రన్" (వద్దు, ధన్యవాదాలు) అను. ఓడ సిబ్బందికి ఇచ్చేది చివరి రోజు రిసెప్షన్‌లో కవరులో పెట్టి ఇస్తే అందరూ పంచుకుంటారు. గైడుకు విడిగా. ఓడలో భోజనం ప్యాకేజీలోనే ఉన్నా మంచినీళ్ళ సీసాలకు బిల్లు వేసే ఓడలున్నాయి, ముందే అడుగు.

జనవరిలో పగలు హాయిగా ఉన్నా తెల్లవారుజామున బాగా చలి, డెక్కు మీద గాలి కోస్తుంది. శాలువా, మంకీ క్యాప్ పెట్టు. పళ్ళు తోముకోడానికి కూడా సీసా నీళ్ళే. ఐసు, కోసి పెట్టిన పచ్చి కూరముక్కలు వద్దు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది తీసుకెళ్ళు. వదిన శాకాహారానికి ఇబ్బంది లేదు. కందిపప్పులాంటి అద్స్ సూప్, బాకలా అనే ఒకరకం చిక్కుడు గింజలతో వండే ఫూల్, వాటితోనే చేసిన తామియా గారెలు రోజూ ఉంటాయి. మొలోఖియా ఆకుకూర మాంసం రసంతో వండుతారు, అడక్కుండా వడ్డించుకోవద్దని చెప్పు. కందిపొడి, కరివేపాకు పొడి సరిపోతాయి. ఆవకాయ తీసుకెళ్తానంటే నూనె కారకుండా సీలు వేయించి చెక్‌ఇన్ పెట్టెలో పెట్టించు, చేతిసంచీలో అయితే విమానాశ్రయంలో తీసి పక్కన పెట్టేస్తారు.

వెళ్ళేముందు ఒక ఆదివారం అన్నయ్యను హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి తీసుకెళ్ళు. అక్కడ ఈజిప్టు మమ్మీ ఉంది. కేబిన్ నంబరు, ఓడ పేరు రాగానే నాకు పంపించు, అంతస్తు చూసి చెప్తాను.

మీ అత్తయ్య