పియానో ట్యూనింగ్ వృత్తిగా పెట్టుకుంటే రోజుకి ఎన్ని ఒప్పుకోవాలి, ఎంత తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: చెన్నైలో ఒకాయన దగ్గర పని నేర్చుకుని హైదరాబాద్ వచ్చారు, శని ఆదివారాల్లో ట్యూనింగ్ మొదలుపెట్టారు. గంటకింత అని తీసుకోవాలా, పియానోకింత అనా, రోజుకి ఎన్ని ఒప్పుకోవచ్చు, బేరమాడితే ఏం చెప్పాలి, ఉద్యోగం ఎప్పుడు మానొచ్చు అని. నేను సికింద్రాబాద్‌లో ఉంటాను, చాలా ఏళ్లుగా ఇల్లు గడిచేది ఈ పని మీదే. నాకు కుదిరిన పద్ధతి చెబుతాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

గంట లెక్క అస్సలు పెట్టుకోకండి. చెయ్యి తిరిగేకొద్దీ పని త్వరగా అవుతుంది, అంటే పనితనం పెరిగేకొద్దీ మీ రాబడి తగ్గుతుంది. పైగా ఇంటాయన సోఫాలో కూర్చుని గడియారం చూస్తుంటాడు, మీరు ఒక తీగని రెండోసారి ముట్టుకుంటే చాలు సాగదీస్తున్నారనుకుంటాడు. పియానోకింత అనే చెప్పండి. అయితే ఆ అంకె నోటినుంచి వచ్చేముందు ఆ పియానో ఏ స్థితిలో ఉందో మీకు తెలియాలి. నేను చూసినంతలో ఫీజు గొడవల్లో చాలావాటికి మూలం ఫోన్‌లో అడగాల్సినవి అడక్కపోవడమే.

నా మొదటి ప్రశ్న, "దానికి ప్లగ్ ఉందాండీ?" నవ్వకండి. మనవాళ్లకి కీబోర్డ్ కూడా పియానోనే. ప్లగ్ ఉందంటే సర్వీస్ సెంటర్‌కి పంపమని మర్యాదగా చెప్పేస్తాను, ఒక పూట మిగులుతుంది. లేదంటే పై మూత తెరిచి లోపలి ఫొటోలు రెండు పంపమంటాను, ఆఖరిసారి ఎప్పుడు ట్యూన్ చేయించారో అడుగుతాను. "కొన్నప్పుడు చేశారు" అంటే అసలు చేయించలేదని అర్థం. తర్వాత మధ్యలో ఉండే ఎ (A) స్వరం మీటని నొక్కి ఐదు సెకన్లు రికార్డ్ చేసి వాట్సాప్‌లో పెట్టమంటాను. అది 440 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. 425 దగ్గర పలికితే దాదాపు 60 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) దిగినట్టు. 415 అయితే అర్ధస్వరం మొత్తం పోయినట్టే. ఒక్క మీటతో అంతా తెలిసిపోదు గానీ, రెండు గంటల పనా, ఒక పూట పనా అన్నది తెలిసిపోతుంది.

ఈ దిగిపోయిన పియానోల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మన టైమూ డబ్బూ పోయేది ఇక్కడే. పియానోలో దాదాపు 230 తీగలుంటాయి, వాటన్నిటి లాగుడు కలిపితే 18 నుంచి 20 టన్నుల వరకు ఉంటుంది. దిగిన పియానోని పైకి తెస్తుంటే ఆ బరువు పెరిగి, శబ్దాన్ని పెద్దది చేసే చెక్క పలక, అంటే సౌండ్‌బోర్డ్ కాస్త నొక్కుకుపోతుంది, ముందు బిగించిన తీగలు మీరు చివరికొచ్చేసరికి మళ్లీ దిగి ఉంటాయి. అందుకే ముందు ఒక విడత గబగబా అంతా పైకి లాగాలి. ఎంత దిగి ఉందో దానిలో పావు వంతు అదనంగా ఎక్కించాలి, బేస్‌లో (మంద్ర స్వరాల తీగల్లో) అంత అక్కర్లేదు. ఇలా పైకి లాగడాన్నే పిచ్ రైజ్ అంటారు. అసలు ట్యూనింగ్ ఆ తర్వాతే. 10 సెంట్ల లోపు అయితే నేను మామూలు ఫీజులోనే చేస్తాను. అది దాటితే పిచ్ రైజ్‌కి విడిగా తీసుకుంటాను. 50 దాటితే రెండు విడతలు లాగి, నెల రోజుల్లో మళ్లీ వచ్చి సరిచేస్తానని, ఆ రెండో రాకతో కలిపి ఇంత అని ముందే చెప్పేస్తాను. ఆ రెండో రాకని ఉచితం అనకండి. లెక్కలో కలిపి చెప్పండి.

తుప్పు పట్టిన తీగలుంటే ఇంకో మాట కూడా ముందే చెప్పాలి: "తెగొచ్చు, తెగితే తీగకి ఇంత." పని మధ్యలో చెప్తే మీరే తెంపి డబ్బు అడుగుతున్నట్టుంటుంది. తుప్పు తీగ ఆనే చోట అతుక్కుని ఉంటుంది కాబట్టి ముందు రవ్వంత కిందికి దించి, టక్కున వదిలిన చప్పుడు విన్నాక పైకి తీసుకెళ్లండి, చాలా తీగలు బతుకుతాయి. అయినా భయంగా ఉంటే 440కి తేకుండా ఉన్నచోటే దానికదే కుదిరేలా ట్యూన్ చేయడం కూడా ఒక దారి. ఒంటరిగా వాయించుకునేవాళ్లకి ఇబ్బందేమీ లేదు. పక్కన వయొలిన్ ఉన్నా, పిల్లలు రికార్డింగ్‌తో కలిపి సాధన చేస్తున్నా పనికిరాదు. ఈ రెండూ ఇంటివాళ్ల ముందు పెట్టి వాళ్లనే తేల్చుకోమనండి.

మా సికింద్రాబాద్ వైపు పాత బంగళాల్లో ఇంకో రకం తగులుతుంది. తీగల్ని కొట్టే హ్యామర్ల ముందు సన్న కమ్మీల జాలీలాంటిది అడ్డంగా ఉండి, మోత ఆపే డ్యాంపర్లు హ్యామర్లకి పైన ఉండే ఇంగ్లండ్ అప్‌రైట్లు, బర్డ్‌కేజ్ అంటారు. పక్క తీగ మోగకుండా ఆపే మామూలు రబ్బరు మ్యూట్ దూరదు, పట్టకారులాంటి మ్యూట్‌తో తంటాలు పడాలి. తీగలు చుట్టి ఉండే పిన్లు లూజై ఉంటాయి, బిగించింది నిలవదు. ఇలాంటివాటికి నేను ముందు చూడటానికి మాత్రమే వెళ్తాను, దానికి వెయ్యి తీసుకుంటాను, పని ఒప్పుకుంటే అది ఫీజులో తగ్గిస్తాను. తాతగారి పియానో అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు, మన మనసూ కరుగుతుంది. కానీ నిలవని ట్యూనింగ్‌కి పూర్తి డబ్బు తీసుకుంటే వారానికే ఫోన్ వస్తుంది.

రోజుకి ఎన్ని అంటే, రెండు హాయిగా చేయొచ్చు. మూడు చేయగలరు గానీ మూడోదాన్లో పై సప్తకం యూనిసన్లు (ఒకే మీట తీగలన్నీ ఒకే శ్రుతిలో పలకడం) మీకే నచ్చవు. చేతికన్నా ముందు చెవి అలిసిపోతుంది. మామూలు పియానోకి గంటన్నర నుంచి రెండు గంటలు పట్టినా, నేను రెండున్నర గంటల స్లాట్ ఇస్తాను. ఎందుకంటే అతుక్కున్న మీట ఒకటి, పెడల్ కిర్రు ఒకటి, "ఇది కూడా చూస్తారా" అనేది ఒకటి ఎప్పుడూ ఉంటాయి. వాటికి చిల్లర లెక్క వేసి అడగడం కన్నా స్లాట్‌లో ఇమిడినంత చేసిపెట్టడం మేలు. కాఫీకి కూడా అందులోనే చోటుంది. వద్దంటే నొచ్చుకుంటారు.

ఏరియాల వారీగా రోజులు పంచుకోండి. నాకు ఒక రోజు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు, ఇంకో రోజు తార్నాక, మల్కాజిగిరి, సైనిక్‌పురి వైపు. పొద్దున కొంపల్లి, మధ్యాహ్నం గచ్చిబౌలి అని ఒప్పుకుంటే ట్యూనింగ్ కన్నా సిగ్నళ్ల దగ్గరే ఎక్కువ టైమ్ పోతుంది. స్లాట్ ఖాయం చేసే మెసేజ్‌లోనే రాసేయండి: ఆ టైమ్‌లో మిక్సీ, టీవీ, వ్యాక్యూమ్ క్లీనర్ వద్దని. ఫ్యాన్ సంగతి మాత్రం చెప్తే గానీ వాళ్లకి తట్టదు. ఎఫ్, పైన ఎ కలిపి నొక్కితే సెకనుకి ఏడు బీట్లు (శబ్దంలో వచ్చే ఊపులు) లెక్కపెట్టాల్సిన చోట, తిరిగే ఫ్యాన్ రెక్కలు శబ్దాన్ని ఇంకోలా ఊపుతుంటాయి. ఏసీ ఉంటే అది వేసుకుని ఫ్యాన్ ఆపండి, లేకపోతే చెమట తుడుచుకుంటూ చేయాల్సిందే. హోటల్ లాబీ అయితే టిఫిన్లు మొదలవకముందు, ఆరింటికే వెళ్లాలి. చర్చి అయితే శనివారం సాయంత్రం వద్దు, క్వాయర్ సాధన ఉంటుంది.

ఏడాది లెక్క కూడా వేసుకోవాలి. వానాకాలంలో గాలి తేమకి సౌండ్‌బోర్డ్ ఉబ్బి మధ్య భాగం శ్రుతి పైకి పోతుంది, ఎండాకాలంలో ఎండి దిగుతుంది. జూన్ మొదట్లో చేయించుకుని ఆగస్టులో "నిలవలేదండీ" అనేవాళ్లకి సమాధానం చెప్పలేక చావాలి. అందుకని నేనే వానలు వెళ్లాక ఒకసారి, ఫిబ్రవరి, మార్చిల్లో ఒకసారి అని ఫోన్ చేసి తేదీ అడుగుతాను. పరీక్షల ముందు కంగారుగా పిలిచే తల్లిదండ్రులు ఉండనే ఉంటారు, వాళ్లకోసం వారంలో ఒక స్లాట్ ఖాళీగా ఉంచుకోండి. డిసెంబర్ అంతా క్రిస్మస్. చర్చిలు, స్కూళ్లు, హోటళ్లు అన్నీ ఒకేసారి గుర్తుకు తెచ్చుకుంటాయి. నవంబర్ మొదట్లోనే వాళ్లకి ఫోన్ చేసి, అప్పుడు పూర్తి ట్యూనింగ్, పండగ వారంలో చిన్న సవరింపు, రెండూ కలిపి ఒక మొత్తం అని మాట్లాడుకోండి. డిసెంబర్ 22న పాత పిచ్ రైజ్ ఒప్పుకోకండి, ఎవరు అడిగినా సరే.

ఇప్పుడు డబ్బు. నేను అప్‌రైట్‌కి 3,500, గ్రాండ్‌కి 5,000 తీసుకుంటాను. పిచ్ రైజ్ 1,500. మామూలు స్టీల్ తీగ తెగితే 500. బేస్‌లో రాగి చుట్టిన తీగ అయితే కొలతలు పంపి చేయించాలి కాబట్టి అయినంత ఖర్చు, తీగ బిగించే కూలి. మీరు కొత్తవారు కాబట్టి కొంత తగ్గించుకోవచ్చు, కానీ సగానికి దిగకండి. సగానికి వచ్చినవాడికి మళ్లీ పెంచి చెప్పే ధైర్యం ఎప్పటికీ రాదు, మన మొహమాటాలు అలాంటివి. "హార్మోనియం బాగుచేసేవాడు ఐదొందలకే చేశాడు" అంటారు. వాదించకుండా పై మూత తీసి 230 పిన్లు చూపించండి, చాలామంది అక్కడే ఆగిపోతారు. అప్పటికీ ఆగకపోతే ధర తగ్గించే బదులు పని తగ్గించండి: "పిచ్ రైజ్ వద్దు, ఉన్నచోటే చేస్తాను." ఇద్దరు ముగ్గురు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి ఒకే రోజు చేయించుకుంటే మాత్రం నేను సంతోషంగా తగ్గిస్తాను, నాకు పెట్రోల్ మిగులుతుంది కదా.

సంగీతం టీచర్లు కొందరు కమీషన్ అడుగుతారు. నేను ఇవ్వను. ఇస్తే అది చివరికి ఆ పిల్లవాడి తల్లిదండ్రుల మీదే పడుతుంది, ఏదో ఒకరోజు వాళ్లకి తెలుస్తుంది. దానికి బదులు టీచర్ల సొంత పియానోలు సగం ధరకి చేస్తాను. వాళ్ల పియానో బాగుంటే వాళ్లే నలుగురికి చెప్తారు.

విజయవాడ, గుంటూరు, విశాఖ నుంచి కూడా పిలుపులు వస్తాయి. ఒక్క పియానో కోసం కదలకండి. మూడు కుదిరాక వస్తానని చెప్పి, రైలు చార్జీ, గది ఖర్చు ముగ్గురికీ పంచండి. విశాఖకి గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు, రెండు రోజుల్లో మూడు నాలుగు అవుతాయి. అక్కడ సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, విడి తీగలు ఎక్కువే పట్టుకెళ్లండి. బయటూరి పనికి సగం అడ్వాన్స్ లేకుండా టికెట్ తీయొద్దు. ఊళ్లో పనికి నేను 500 యూపీఐలో వేయించుకుంటాను, ముందురోజు సాయంత్రం లోపు చెప్తే వెనక్కిస్తాను, ఆ తర్వాత ఇవ్వను. ఈ ఐదొందలు పెట్టాక "అయ్యో, మర్చిపోయి బయటికొచ్చేశామండీ" అనే మాట దాదాపు వినిపించడం మానేసింది.

స్కూళ్లు, హోటళ్లు బిల్లు అడుగుతాయి, డబ్బు నెలల తరబడి నానుస్తాయి. పని మొదలుపెట్టకముందే ఎన్ని రోజుల్లో ఇస్తారో మెయిల్‌లో రాయించుకోండి. జీఎస్టీ నంబర్ అడిగితే కంగారుపడకండి, సేవలకి ఏడాదికి 20 లక్షలు దాటితే గానీ నమోదు తప్పనిసరి కాదు, ఆ మాటే బిల్లు మీద రాసిస్తే సరిపోతుంది.

ఉద్యోగం మానడం గురించి: ఎన్ని పియానోలు చేశారన్నది చూడకండి, ఎన్ని మిమ్మల్ని రెండోసారి పిలిచాయో చూడండి. ఏడాదికి రెండుసార్లు పిలిచే ఇళ్లు, చర్చిలు కలిపి ఒక వంద ఉంటే ఏడాదికి 200 ట్యూనింగ్‌లు, అంటే నా రేట్ల మీద ఏడు లక్షల దాకా, ఖర్చులు తీసేయకముందు. మీ ఇంటి అద్దె, ఈఎంఐలతో అది సరిపోల్చుకోండి. అందాకా ప్రతి పియానోకి ఒక పేజీ పెట్టి, వెళ్లినప్పుడు ఎ ఎంత పలికింది, గదిలో తేమ ఎంత, ఏ పిన్ లూజు, ఎంత తీసుకున్నారు అన్నీ రాసుకోండి. తేమ కొలిచే మీటర్ చిన్నది బ్యాగులో పడేసుకోండి, వెయ్యిలోపే దొరుకుతుంది.